నేను చూస్తే నా జట్టు ఓడిపోతోంది – ఈసారి చూడాలా, మానాలా?

పేరు వేయవద్దని కోరుతూ ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. ఆమెకు 37 ఏళ్లు, ఉద్యోగం చేస్తారు. 1998 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో అర్జెంటీనా మీద ఆఖరి నిమిషంలో నెదర్లాండ్స్ ఆటగాడు డెనిస్ బెర్గ్‌కాంప్ కొట్టిన గోల్ చూసేనాటికి ఆమెకు తొమ్మిదేళ్లు. ఆ రోజు నుంచి నెదర్లాండ్స్ ఆమె జట్టు అయిపోయింది. 2010, 2014, 2022 ప్రపంచ కప్పుల్లో ఆ జట్టు ఆడిన ఒక్క మ్యాచ్ కూడా వదలకుండా లైవ్‌లో చూశారు. 2018లో జట్టు అర్హత సాధించలేదు. ‘ఆ నెల మాత్రం ఎంత హాయిగా చూశానో! ఎవరు గెలిచినా బాగుంది’ అని రాశారు.

అసలు గొడవ 2022 డిసెంబర్ 9న మొదలైంది. అర్జెంటీనాతో క్వార్టర్ ఫైనల్ అది. 0–2తో వెనకబడిన నెదర్లాండ్స్‌కు వౌట్ వెగ్‌హోర్స్ట్ 83వ నిమిషంలో ఒక గోల్, స్టాపేజ్ టైమ్ (ఆగిన ఆటకు బదులు కలిపే సమయం) పదకొండో నిమిషంలో ఫ్రీకిక్ ఎత్తుగడతో ఇంకో గోల్ కొట్టి స్కోరు సమం చేశాడు. చివరికి పెనాల్టీల్లో 4–3తో జట్టు ఓడింది. ఆఖరి కిక్ లోపలికి వెళ్లగానే ఈమె చేతిలో ఉన్న రిమోట్ గోడకేసి కొట్టారు. పక్క గదిలో నిద్రపోతున్న ఐదేళ్ల కొడుకు ఉలిక్కిపడి లేచి ఏడ్చాడు. మర్నాటి నుంచి మూడు రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. సోమవారం ఆఫీసుకూ వెళ్లలేదు.

ఇప్పుడు 2026 ప్రపంచ కప్. అమెరికా, కెనడా, మెక్సికోల్లో జరిగే మ్యాచ్‌లు ఆమె ఉండే చోట రాత్రి తొమ్మిది దాటాక మొదలై పొద్దుటి దాకా సాగుతాయి. ‘ఈసారి ఆ జాగారాలు వద్దు’ అని భర్త ఒక్క మాటలో తేల్చేశారు. తొమ్మిదేళ్ల కొడుకు మాత్రం ‘అమ్మా, నన్నూ లేపు’ అంటున్నాడు. ఇంట్లో ఆమెతో కలిసి ఫుట్‌బాల్ చూసే మనిషి మామగారు. ఆయనకు కిందటేడే గుండెకు స్టెంట్ వేశారు. చివర్లో ఇలా రాశారు: ‘నేను లైవ్‌లో చూస్తేనే నా జట్టు ఓడిపోతోంది. అది నా దురదృష్టం. నేను మానేస్తే జట్టుకూ మంచిది, ఇంటికీ మంచిది అనిపిస్తోంది. కానీ మానేస్తానని అనుకుంటేనే కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఏం చేయమంటారు?’

సమాధానం:

మీ ఉత్తరంలో ఆఖరి మాటతోనే మొదలుపెడతాం. అది తప్పు కాబట్టి, ఆ తప్పు మీద ఏ నిర్ణయం నిలబడినా వంకరగానే ఉంటుంది కాబట్టి.

మీరు లైవ్‌లో చూశానన్న మూడు ప్రపంచ కప్పులనూ లెక్కేద్దాం. 2010లో నెదర్లాండ్స్ ఏడు మ్యాచ్‌లు ఆడింది. డెన్మార్క్, జపాన్, కామెరూన్, స్లొవేకియా, బ్రెజిల్, ఉరుగ్వే – వరసగా ఆరుగురినీ ఓడించి, ఫైనల్లో ఎక్స్‌ట్రా టైమ్ (సమమైతే ఆడే అదనపు అరగంట) 116వ నిమిషంలో ఇనియెస్టా గోల్‌తో స్పెయిన్ చేతిలో ఓడింది. 2014లో మళ్లీ ఏడు. తొలి మ్యాచ్‌లోనే అదే స్పెయిన్ మీద 5–1. తర్వాత ఆస్ట్రేలియా, చిలీ, మెక్సికో మీద గెలుపులు. కోస్టారికా మీద పెనాల్టీల్లో గెలుపు, సెమీస్‌లో అర్జెంటీనా చేతిలో పెనాల్టీల్లో ఓటమి, మూడో స్థానం కోసం బ్రెజిల్ మీద 3–0. 2022లో ఐదు: సెనెగల్, ఖతార్, అమెరికా మీద గెలుపులు, ఈక్వెడార్‌తో డ్రా, ఆపైన ఆ క్వార్టర్ ఫైనల్. మొత్తం 19 మ్యాచ్‌లు. 14 గెలుపులు, 4 సమం, ఆట సాగుతుండగా ఓడినది ఒకే ఒక్కటి. సమమైన నాలుగింటిలో మూడు పెనాల్టీల దాకా వెళ్లాయి, వాటిలో ఒకటి గెలిచారు.

మీ చూపు సోకితే ఓడే జట్టు లెక్క ఇది కాదు. ప్రపంచ కప్‌లో ఇంత తక్కువగా ఓడిన జట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉంటాయి. మరి మీకెందుకు అలా అనిపిస్తోంది? నాకౌట్ టోర్నీ (ఓడితే ఇంటికే) తీరే అలాంటిది. కప్ గెలిచిన జట్టుకు తప్ప, నాకౌట్‌కు చేరిన దాదాపు ప్రతి జట్టుకూ గుండె కోసేది ఒక ఓటమి రాసిపెట్టే ఉంటుంది. మీరు ప్రతి మ్యాచ్ చూశారు కాబట్టి ఆ ఓటమినీ చూశారు. దానికి ముందు చూసిన గెలుపులను మనసు పక్కకు తోసి, ఆ ఒక్క రాత్రినే భద్రంగా దాచుకుంది. ఆ 14 గెలుపులనూ తేదీ, స్కోరుతో సహా మీ చేత్తో ఒక కాగితం మీద రాయండి. మేం చెబితే నమ్మడం వేరు, మీరు రాసుకుంటే వేరు.

కాబట్టి ‘జట్టు మంచి కోసం మానేస్తాను’ అనే కారణం ఇక లేదు. మిగిలింది ఇంటి సంగతి. అది నిజమైన సమస్య.

మీవారు ‘జాగారాలు వద్దు’ అన్నారు. ఆయన వద్దంటున్నది మ్యాచ్‌నా, ఆ తర్వాతి మూడు రోజులనా? ఉత్తరంలో మీరే రాశారు, 2018లో ఆ నెలంతా హాయిగా చూశానని. అప్పుడూ టీవీ నడిచింది. తేడా ఏమిటంటే అప్పుడు ఇంట్లో ఎవరూ భయపడలేదు. ఆయన మనసులో ఏముందో మేం చెప్పలేం. తండ్రి గుండె గురించిన ఆందోళన కూడా ఆ ఒక్క మాటలో దాగి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. మీరు అడగాలి. ‘నేను చూడటం మీకు ఇష్టం లేదా, లేక ఓడాక నేను మారిపోవడం ఇష్టం లేదా?’ అని సూటిగా, టోర్నీకి కనీసం రెండు వారాల ముందు. మొదటి మ్యాచ్ నాటి సాయంత్రం ఈ మాట ఎత్తితే అది అనుమతి అడిగినట్టు ఉంటుంది, ఆయన వద్దంటారు, మీరు అయినా చూస్తారు, దాంతో కొత్త గాయం.

వట్టి చేతులతో ఆ మాటకు కూర్చోవద్దు. ‘ప్రపంచ కప్ చూస్తాను’ అంటే వినేవాళ్లకు నలభై రాత్రుల జాగారం కళ్లముందు కదులుతుంది. నిజానికి లెక్క చాలా చిన్నది. ఈసారి 48 జట్లు, నాలుగేసి జట్ల 12 గ్రూపులు, మొత్తం 104 మ్యాచ్‌లు, జూన్ 11 నుంచి జూలై 19 దాకా 39 రోజులు. కానీ ఒక జట్టు ఆడేది కనీసం మూడు, కప్ గెలిస్తే ఎనిమిది. 2022 దాకా ఏడు ఉండేది, ముప్పై రెండు జట్ల దశ కొత్తగా చేరడంతో ఒకటి పెరిగింది. అంటే మీరు అడగబోయేది 39 రోజుల్లో ఎక్కువలో ఎక్కువ ఎనిమిది మ్యాచ్‌లు. వీటిలో మూడింటి తేదీలు ముందే ఖరారు, మిగతా ఐదు జట్టు నిలిస్తేనే. ముప్పై రెండు జట్ల దశ జూన్ 28 నుంచి జూలై 3, ప్రీక్వార్టర్స్ జూలై 4–7, క్వార్టర్స్ 9–11, సెమీస్ 14, 15, మూడో స్థానం 18, ఫైనల్ 19. మ్యాచ్ లేని రోజులు జూలై 8, 12, 13, 16, 17. ఇదంతా ఒక పేజీలో రాసి మీవారి ముందు పెట్టండి. ఖరారైనవి ఒక రంగులో, ‘నిలిస్తే’ అన్నవి ఇంకో రంగులో. మ్యాచ్ మర్నాడు పొద్దున బాబును బడికి సిద్ధం చేసేది ఎవరో అదే కాగితంలో ఎదురుగా రాయండి. ఆ పని ఆయన మీద పడితే, మ్యాచ్ లేని రోజుల్లో ఆయనకు ఏ పూట ఖాళీ ఇస్తారో కూడా.

తేదీలు రాసేటప్పుడు ఒక పొరపాటు చాలామంది చేస్తారు. అక్కడి కార్యక్రమంలో ‘14వ తేదీ’ అని ఉన్న మ్యాచ్ మీ గడియారంలో 15వ తేదీ తెల్లవారుజామున కావచ్చు. తేదీ మాత్రమే చూసుకుంటే ఒక రాత్రి ముందుగానే మేల్కొని కూర్చుంటారు. ‘ఆదివారం రాత్రి పడుకుని, సోమవారం తెల్లవారుజామున’ అని రెండు రోజుల పేర్లూ రాసుకోండి. వేదికలన్నీ ఒకే సమయంలో ఉండవు కూడా. న్యూయార్క్‌కూ లాస్ ఏంజలస్‌కూ మూడు గంటల తేడా. మెక్సికో వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరపడం 2022లోనే మానేసింది, అందుకని డల్లస్‌లో మధ్యాహ్నం మూడైతే మెక్సికో సిటీలో రెండే. స్థానిక సమయం చూసి మనసులో కూడికలు చేయకుండా, మీ ఊరి సమయంలో చూపే పట్టిక ఒక్కటి పట్టుకుని దానినే నమ్మండి.

ఇక మీ ముందున్న దారులు. ఒక్కొక్కదానికీ ఒక మూల్యం ఉంది.

పూర్తిగా మానేయడం మొదటిది. పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. కానీ 28 ఏళ్ల అభిమానం ఒక తీర్మానంతో పోదు. దుప్పటి కింద ఫోన్‌లో స్కోరు చూస్తూ పడుకుంటారు. నిద్రా ఉండదు, ఆటా ఉండదు. జట్టు ఫైనల్‌కు చేరితే ఆ కోపం మీవారి మీదికి మళ్లుతుంది. ఆయన బలవంతం మీద మానడమైతే ఈ దారి మేం సమర్థించం. మీకే విరామం కావాలనిపిస్తే అది వేరే మాట. అప్పుడు ఆ నెల పొద్దున్నే ఫలితం తెలుసుకుని వదిలేయవచ్చు.

మీ జట్టు మ్యాచ్‌లు, ఫైనల్ మాత్రమే లైవ్‌లో చూసి, మిగతావి పొద్దున హైలైట్స్‌తో సరిపెట్టుకోవడం రెండోది. రాత్రులు తక్కువ, ఇష్టం నిలుస్తుంది. అయితే మిమ్మల్ని కలవరపెట్టేవి సరిగ్గా ఆ మ్యాచ్‌లే. 2018లో మీకు ఇబ్బంది కాకపోవడానికి కారణం మీ జట్టు నారింజ చొక్కాలు మైదానంలో లేకపోవడమే. కాబట్టి ఈ దారి ఎంచుకుంటే, విజిల్ తర్వాతి గంటకు కూడా పథకం ఉండాలి. దాని సంగతి కింద చెబుతాం.

మూడోది దీనికి తలకిందులు, చాలామందికి తట్టదు. మీ జట్టు మ్యాచ్‌ను రికార్డు చేసి తెల్లవారాక చూడటం, లైవ్‌లో మాత్రం వేరే జట్ల ఆట, అనుకూలమైన వేళల్లో, ఇంటిల్లిపాదితో. ఇందులో మళ్లీ రెండు తీర్లు. ఫలితం తెలియకుండా చూస్తే ఉత్కంఠ దక్కుతుంది, నిద్ర చెడదు, కానీ కట్టుదిట్టంగా ఉండాలి. ఫలితం తెలిశాక చూస్తే గుండె దడ ఉండదు, ఆట మాత్రం ఇంకా బాగా కనిపిస్తుంది. గోల్ ఎక్కడ మొదలైందో, ఏ డిఫెండర్ ఎప్పుడు తన చోటు వదిలాడో అప్పుడే తెలుస్తుంది. పోయేది ఒకటే: లక్షల మందితో పాటు అదే క్షణంలో ఊపిరి బిగబట్టడం. వీరాభిమానికి అది చిన్న నష్టం కాదు.

ఇంకొకరి ఇంట్లోనో, నలుగురు కలిసి చూసే చోటో చూసి రావడం నాలుగోది. బాబు నిద్ర చెడదు. కానీ ఓటమి బాధ మీతో పాటే ఇంటికి వస్తుంది. పైగా తెల్లవారుజామున నిద్ర కళ్లతో బండి నడపాల్సి వస్తుంది. మీరే నడపాల్సివస్తే ఈ దారి వదిలేయండి.

మా మొగ్గు ఎటో దాచం. గ్రూప్ మ్యాచ్‌లు మూడూ లైవ్‌లో చూడండి. గ్రూప్ దశ మీ పథకానికి పరీక్ష లాంటిది. ఓటమి వచ్చినా అంతా అయిపోదు. ప్రతి గ్రూపులో మొదటి రెండు జట్లతో పాటు మూడో స్థానంలో నిలిచిన 12 జట్లలో మెరుగైన ఎనిమిది కూడా ముందుకు వెళ్తాయి. వాటిని మొదట పాయింట్లతో, తర్వాత గోల్స్ తేడాతో, ఆపైన కొట్టిన గోల్స్‌తో పోలుస్తారు. 2016 యూరో (యూరప్ దేశాల కప్)లో పోర్చుగల్ మూడు గ్రూప్ మ్యాచ్‌లూ డ్రా చేసుకుని, మూడో స్థానంతో దాటి, చివరికి కప్ గెలిచింది. తొలి మ్యాచ్‌లో ఓడటమూ చావు కాదు. 2010లో స్పెయిన్ స్విట్జర్లాండ్ చేతిలో, 2022లో అర్జెంటీనా సౌదీ అరేబియా చేతిలో ఓడే మొదలుపెట్టాయి. రెండూ విజేతలే. ఆ మూడు మ్యాచ్‌లు ఇంట్లో సాఫీగా గడిస్తే నాకౌట్ గురించి మీవారితో మళ్లీ మాట్లాడటం తేలిక. గడవకపోతే మూడో దారికి మారిపోండి. ఈ షరతు కూడా ముందే చెప్పి ఉంచండి.

నిద్ర విషయానికి వస్తే, అన్ని వేళలూ ఒకటి కాదు. రాత్రి పదిన్నరకు మొదలయ్యే మ్యాచ్ పన్నెండున్నరకు ముగుస్తుంది, పెద్ద కష్టం కాదు. తెల్లవారుజామున నాలుగున్నరదైతే తొమ్మిదికల్లా పడుకుని లేవడమే, అది జాగారం కాదు. కష్టమంతా పన్నెండుకూ మూడుకూ మధ్య మొదలయ్యే వాటితోనే. ఒంటిగంటన్నరకు మ్యాచ్ అనుకోండి. తొంభై నిమిషాల ఆట, పదిహేను నిమిషాల విరామం, ఒక్కో సగంలో మూడేసి నిమిషాల నీళ్ల విరామం, ఆపైన స్టాపేజ్ టైమ్ – రెండు గంటలు వేసుకోండి. నాకౌట్ అయితే ఎక్స్‌ట్రా టైమ్‌కు నలభై నిమిషాలు, షూటౌట్‌కు (ఆఖరి పెనాల్టీ కిక్కులకు) పావుగంట కలపాలి. మొత్తం మూడు గంటలు, అంటే దాదాపు నాలుగున్నర. నాకౌట్ రాత్రికి ఎప్పుడూ మూడు గంటలే లెక్కేసుకోండి. రెండే అనుకుని కూర్చుంటే ఆ మూడో గంటలోనే ఒళ్లూ మనసూ అదుపు తప్పుతాయి. 2022లో మీకు జరిగింది మూడో గంటలోనే.

అలాంటి రాత్రి తొమ్మిదిన్నరకు పడుకుని ఒంటిగంట పదికి లేవండి. మ్యాచ్ అయ్యాక ఇంకో రెండు మూడు గంటలు. ముక్కలైనా ఆరు గంటల నిద్ర మర్నాడు పని చేయిస్తుంది. ‘ఎలాగూ మేలుకోవాలి కదా’ అని సాయంత్రం నుంచే కూర్చుంటే చేతిలో మిగిలేది రెండు గంటలే. కాఫీ తాగితే మ్యాచ్ మొదట్లోనే. కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, విరామంలో తాగిన కప్పు తెల్లవారేదాకా వదలదు. గదిలో పెద్ద లైట్లు వద్దు. వరసగా రెండు రాత్రులు అసలు వద్దు. సెలవు పెట్టగలిగితే మ్యాచ్ మర్నాడు సగం పూట పెట్టండి, అదీ ముందుగానే అడిగి. ఓడాక పొద్దున ఫోన్ చేసి పెట్టే సెలవు ఆఫీసులో మీ మాట విలువ తగ్గిస్తుంది.

రికార్డు చేసి చూసే రోజులకు కొన్ని జాగ్రత్తలు. రికార్డింగ్ ముగింపు సమయానికి గంటన్నర అదనంగా పెట్టండి. లేకపోతే ఎక్స్‌ట్రా టైమ్ మధ్యలో తెర నల్లబడుతుంది. స్కోరు యాప్ నోటిఫికేషన్లు, వాట్సాప్ గ్రూపులు ముందు రాత్రే ఆపేయండి. వీడియో యాప్ తెరవగానే కనిపించే బొమ్మల్లోనే గెలిచినవాళ్ల సంబరం ఉంటుంది, కాబట్టి దాన్ని ఇంకొకరి చేత తెరిపించండి. చాలామంది గమనించనిది ఒకటుంది. వీడియో నిడివి చూపే గీత. నాకౌట్ మ్యాచ్ మూడు గంటలుందంటే షూటౌట్ అని ముందే తెలిసిపోతుంది. తెర అడుగున ఒక కాగితం ముక్క అంటించినా చాలు. లైవ్‌లో చూసేటప్పుడు కూడా ఫోన్ వేరే గదిలో ఉండాలి. ఇంటర్నెట్ మీద వచ్చే ప్రసారం మైదానం కంటే అరనిమిషమో, అంతకంటే ఎక్కువో వెనకబడి ఉంటుంది. గోల్ మీ తెర మీద పడకముందే నోటిఫికేషన్ వచ్చేస్తుంది.

బాబు సంగతి. తొమ్మిదేళ్ల పిల్లలకు రోజుకు తొమ్మిది గంటలకు తగ్గకుండా నిద్ర కావాలి. అర్ధరాత్రి లేపవద్దు. వాడు అడుగుతున్నది మ్యాచ్ ఒక్కటే కాదు, మీ పక్కన చోటు. పొద్దున లేచే వేళకు సాగుతున్న మ్యాచ్ ఉంటే దాని రెండో సగం కలిసి చూడండి. లేకపోతే సాయంత్రం రికార్డింగ్‌లో సగం. గ్రూపుల పట్టిక గోడ మీద పెట్టి స్కోర్లు వాడి చేత రాయించండి. మూడో స్థానాల లెక్కలు వాడు మీకంటే బాగా చేసినా ఆశ్చర్యం లేదు. జట్టును మాత్రం వాడినే ఎంచుకోనివ్వండి. మిమ్మల్ని తొమ్మిదేళ్లప్పుడు ఎవరూ నెదర్లాండ్స్ వైపు తోయలేదు కదా, ఒక గోల్ లాక్కెళ్లింది.

ఇవన్నిటికంటే ముందు వాడితో మాట్లాడాల్సింది ఒకటుంది. ఆ రాత్రి రిమోట్ చప్పుడుకు లేచిన పిల్లవాడికి అది గుర్తుండి ఉండవచ్చు. ‘అప్పుడు అమ్మ కోపంతో వస్తువు విసిరింది, అది తప్పు, నువ్వు భయపడ్డావు, ఇంకెప్పుడూ అలా చేయను’ అని చెప్పండి. వివరణలు వద్దు, రిఫరీ మాట ఎత్తవద్దు. మీవారు కూడా ఆ మాట వింటే ఇంకా మంచిది. ఇంకొకటి కూడా అడగాలి. ఫుట్‌బాల్ లేని రోజుల్లో కూడా చేతిలో ఉన్నది విసిరేసేంత కోపం వస్తోందా, రోజుల తరబడి మౌనం కమ్ముతోందా? అవునంటే అది టోర్నీ సమస్య కాదు. మానసిక నిపుణులను కలవండి, ఆలస్యం చేయవద్దు.

మీ మామగారి విషయంలో మొహమాటం పనికిరాదు. 2006 ప్రపంచ కప్ సమయంలో మ్యూనిక్ ప్రాంతంలో వైద్యులు లెక్కలు తీశారు. జర్మనీ ఆడిన రోజుల్లో గుండె అత్యవసర కేసులు మామూలు రోజుల కంటే రెండున్నర రెట్లకు పైగా పెరిగాయి. అప్పటికే గుండె జబ్బు ఉన్నవాళ్లలో పెరుగుదల ఇంకా ఎక్కువ. మ్యాచ్ మొదలైన తొలి రెండు గంటల్లోనే ముప్పు హెచ్చుగా కనిపించింది. కాబట్టి ఆయన గుండె డాక్టర్‌ను ముందే అడగండి, అర్ధరాత్రి మేలుకుని ఉత్కంఠగా చూడవచ్చా అని. డాక్టర్ ఒప్పుకున్నా రాత్రి మందులు వేళ తప్పకూడదు, నిద్ర కొరత పడకూడదు. ఆయనకు అన్నిటికంటే నప్పేది ఫలితం తెలిశాక పొద్దున చూడటం. ఆయన ఒంటరిగా చూడాల్సి వస్తే చిన్నబుచ్చుకుంటారు, మీరు పక్కన కూర్చుని రెండోసారి చూడండి. ఛాతీలో బిగుతు, చెమటలు, దవడకో చేతికో పాకే నొప్పి, ఆయాసం – వీటిలో ఏది కనిపించినా మ్యాచ్ ఏ నిమిషంలో ఉన్నా సరే, వెంటనే అంబులెన్స్ పిలవాలి. ఈ ఏర్పాటు మీవారికి వివరంగా చెప్పండి. సగం అభ్యంతరం అక్కడే కరగవచ్చు.

ఇక విజిల్ తర్వాతి గంట. చేతిలో ఏమీ ఉండకూడదు. షూటౌట్ అనగానే రిమోట్ తీసుకెళ్లి టీవీ పక్కన పెట్టి వెనక్కి వచ్చి కూర్చోండి. ఓడితే ఐదు నిమిషాల్లో టీవీ ఆపేయండి. ఇంటర్వ్యూలు, విశ్లేషణలు, మళ్లీ మళ్లీ చూపే ఆ ఒక్క కిక్ – ఇవన్నీ పుండు మీద గోకడమే. ముఖం కడుక్కుని, ఒక నోటుపుస్తకంలో మూడు వాక్యాలు రాయండి: ఏది బాగా ఆడారు, ఎక్కడ మ్యాచ్ చేజారింది, ఇప్పుడు మీకెలా ఉంది. తర్వాత పడుకోండి, నిద్ర పట్టకపోయినా చీకట్లో పడుకోండి. పొద్దున ఇంట్లోవాళ్లకు ఒక్క మాట చెప్పండి: ‘ఓడిపోయారు, నాకు చాలా బాధగా ఉంది, మీ ఎవరి మీదా కోపం లేదు, సాయంత్రానికి తేరుకుంటాను.’ మీ మౌనం చూసి వాళ్లు తామేదో తప్పు చేశామని అనుకుంటారు. కారణం చెబితే అదే మౌనం వాళ్లను అంత భయపెట్టదు. ఆ రోజంతా బాధపడండి, అది మీ హక్కు. జట్టును ప్రేమించినందుకు ఎవరికీ క్షమాపణ చెప్పనక్కర్లేదు. మర్నాటి నుంచి మాత్రం ఇంటి పనులు, మాటలు మామూలుగా సాగాలి.

షూటౌట్ అంటే మీకున్న భయానికి ఒక ఉపాయం ఉంది. దాన్ని ఆటగా చూడటం. పెనాల్టీ కిక్కుల్లో సుమారు నాలుగింట మూడు గోల్ అవుతాయి. అంటే ఐదింటిలో ఒకటో రెండో తప్పడం మామూలే, అది శాపం కాదు. 2014లో కోస్టారికాతో ఎక్స్‌ట్రా టైమ్ ఆఖరి క్షణాల్లో కోచ్ లూయిస్ వాన్ హాల్ గోల్‌కీపర్‌ను మార్చి టిమ్ క్రూల్‌ను దించాడు, అతను రెండు కిక్కులు ఆపాడు. సెమీస్‌లో ఆ ఎత్తు మళ్లీ వేయలేకపోయాడు, మూడు సబ్‌స్టిట్యూషన్లూ అప్పటికే అయిపోయాయి. 2022లో అర్జెంటీనా గోల్‌కీపర్ ఎమిలియానో మార్టినెజ్ మొదటి రెండు కిక్కులు, వాన్ డైక్‌ది, బెర్గ్‌హుయిస్‌ది, ఆపేశాడు. ఆ తర్వాత నెదర్లాండ్స్ ఆటగాళ్లు ముగ్గురూ గోల్ చేశారు. ఈసారి షూటౌట్ వస్తే ఒక కాగితం తీసుకుని రెండు నిలువు గడులు గీయండి. ఎవరు కొట్టారు, ఏ వైపు, కీపర్ ముందే కదిలాడా, ఆగి చూశాడా – ఒక్కో కిక్కుకూ రాయండి. చేతిలో పెన్ను ఉంటుంది, కళ్లకు పని ఉంటుంది. పొద్దున బాబు లేవగానే ‘ఏమైందమ్మా?’ అని అడుగుతాడు. ఆ కాగితం వాడికిచ్చి, మొదటి కిక్కు నుంచి వాడినే చదవమనండి.